డాన్స్ ప్రోగ్రాంకి ఎంత అడగాలి, ఎప్పుడు ఉచితంగా ఒప్పుకోవాలి: విశాఖ నాట్య కళాకారులకు సమగ్ర మార్గదర్శి

"పేమెంట్ ఏమీ లేదమ్మా, కానీ మంచి స్టేజి, మీడియా కూడా వస్తుంది." ఈ ఫోన్‌కి ఏం జవాబు చెప్పాలని చాలామంది అడుగుతున్నారు. అడిగేవాళ్లలో కూచిపూడి, భరతనాట్యం చేసేవాళ్లున్నారు, భీమిలి రోడ్డు రిసార్టుల్లో పెళ్లి సంగీత్‌లకు కొరియోగ్రఫీ చేసే కుర్రాళ్లున్నారు, స్కూలు వార్షికోత్సవాలకు స్టెప్పులు నేర్పే టీచర్లున్నారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఉచితంగా చేయడం తప్పు కాదు. ఎంత పోతోందో లెక్క చూసుకోకుండా చేస్తేనే ఇబ్బంది. అందుకే ఇక్కడ లెక్కతో మొదలుపెట్టి, ఫోన్‌లో ఏం అడగాలో, వాట్సాప్‌లో ఏం రాయాలో, డబ్బు రాకపోతే ఎక్కడికి వెళ్లాలో వరుసగా చెబుతాను.

1. ముందు మీ ఖర్చు కాగితం మీద పెట్టండి

ధర ఎంత చెప్పాలో తెలియడం లేదనేవాళ్లను "మీకు ఎంత ఖర్చవుతోంది?" అని అడిగితే చాలాసార్లు జవాబు రాదు. మేకప్ డబ్బు అమ్మ ఇస్తుంది, నాన్న బండి మీద దింపుతారు, పూలు పక్కింటావిడ కట్టిస్తుంది. ఇవన్నీ ఖర్చులే.

ఒక ఉదాహరణ చూద్దాం. గాజువాకలో ఉండే అమ్మాయి సిరిపురంలో 20 నిమిషాల కూచిపూడి సోలో చేస్తోంది, ట్రాక్ (రికార్డు చేసిన సంగీతం) మీద. అంకెలు లెక్క చూపడానికి వేసినవి. వాటి స్థానంలో మీవి రాసుకోండి.

- మేకప్, జడ: 2,500
- టెంపుల్ జ్యూయలరీ అద్దె: 500
- కాస్ట్యూమ్ అరుగుదల: 400 (12,000 పెట్టి కుట్టించినది 30 ప్రోగ్రాంలకు వస్తుందనుకుంటే)
- ప్రోగ్రాం అయ్యాక డ్రై వాష్: 300
- పూలు: 250
- రానుపోను క్యాబ్: 1,200
- తోడు వచ్చినవాళ్ల భోజనం, టీలు: 300
- ట్రాక్ ఎడిటింగ్, రిహార్సల్ హాలు: 550

మొత్తం 6,000 రూపాయలు. ఇది చేతి నుంచి పోయేది. మీ కష్టం ఇంకా లెక్కలోకి రాలేదు.

ఇప్పుడు గంటలు వేయండి. రిహార్సల్స్ 6 గంటలు, మేకప్ రెండున్నర, ప్రయాణం, ఎదురుచూపు కలిపి 4, స్టేజి మీద అరగంట. అంటే 13 గంటలు. గంటకి 400 చొప్పున చూసినా 5,200. రెండూ కలిపితే 11,200.

ఈ రెండు అంకెలూ ఫోన్‌లో రాసి పెట్టుకోండి. 6,000 మీ అడుగు గీత. అక్కడ మీకు నష్టమూ లేదు, సంపాదనా లేదు. 11,200 మీ మామూలు ధర. నిర్వాహకులు 3,000 కవరులో పెట్టి శాలువా కప్పితే పారితోషికం అందినట్టు అనిపిస్తుంది గానీ, నిజానికి ఆ ప్రోగ్రాంకి మీరే 3,000 ఎదురు చెల్లించారు.

బృందమైతే లెక్క మారుతుంది. ఎనిమిది మందికి మేకప్ మ్యాన్ తలకింత అని తక్కువకే చేస్తాడు. కానీ వ్యాన్, టిఫిన్లు, సెట్ కాస్ట్యూమ్స్ అద్దె, ప్రాక్టీసుకి అందరినీ ఒక వేళకి చేర్చే తలనొప్పి కొత్తగా వచ్చి చేరతాయి.

లైవ్ ఆర్కెస్ట్రా ఉంటే ముందు సంగీతం వాళ్ల సంఖ్య వేయండి. నట్టువాంగం (తాళం వేస్తూ నాట్యాన్ని నడిపించడం), గాత్రం, మృదంగం, వయొలిన్ లేదా వేణువు. నలుగురికీ ప్రోగ్రాం డబ్బుతోపాటు రిహార్సల్ డబ్బు కూడా ఉంటుంది. బయటూరు నుంచి పిలిపిస్తే రైలు చార్జీ, బస అదనం. ఇవన్నీ తీసేశాక ఏమైనా మిగిలితే అది డాన్సర్‌కి అనుకోవడం మన దగ్గర అలవాటైపోయింది. అలా కాకుండా మీ డబ్బును కూడా ఒక వరుసగా ముందే రాయండి.

వెస్టర్న్, సినిమా డాన్స్ చేసేవాళ్లు చూసుకోవాల్సినవి వేరు:

- సంగీత్‌లో పాటకింత అని మాట్లాడతారు. ఒక్కో పాటకి ఎంతమంది, ఎన్ని క్లాసులు, ఎవరింట్లో అనేది కూడా ఖాయం చేసుకోండి. పెదనాన్న గారి కుటుంబం చివరి రోజున చేరుతుంది, వాళ్లకి మళ్లీ మొదటి నుంచి నేర్పాలి.
- స్కూల్లో ఐటమ్‌కింత అంటారు. 12 మంది పిల్లల ఐటమ్‌కీ 40 మంది పిల్లల ఐటమ్‌కీ ఒకే ధర ఒప్పుకోవద్దు. నవంబరులో మొదలుపెట్టిన ప్రాక్టీసు పరీక్షల వల్ల వాయిదా పడి సంక్రాంతి దాటితే ఆ అదనపు రోజులకి ఎంతో ముందే చెప్పండి.
- కొరియోగ్రఫీకి ఒక ధర, ఆ రోజు దగ్గరుండి నడిపించడానికి మరో ధర.

2. మొదటి ఫోన్‌లోనే అడగాల్సినవి

చాలా గొడవలు ఈ ఫోన్‌లోనే పుడతాయి. పెద్దవాళ్లు పిలిచారు కదా, డబ్బు సంగతి ఎత్తితే బాగోదేమోనని ఊరుకుంటాం. నెల తర్వాత, ఆహ్వాన పత్రిక మీద పేరు పడ్డాక అడగడం ఇంకా కష్టం.

అక్కడికక్కడే ఒప్పుకోకండి. "డైరీ చూసుకుని సాయంత్రం చెబుతానండి" అనండి. ఈలోగా ఇవి అడిగి రాసుకోండి:

- ఎవరు చేస్తున్నారు? కమిటీనా, ట్రస్టా, కంపెనీయా, ఈవెంట్ మేనేజరా?
- తేదీ, వేళ, వేదిక. కళాభారతి, గురజాడ కళాక్షేత్రం లాంటి హాలా, బీచ్ రోడ్డు మీద ఓపెన్ స్టేజా?
- ఎన్ని నిమిషాలు? సోలోనా, బృందమా? ట్రాకా, లైవా?
- టికెట్ ఉందా? స్పాన్సర్లు ఎవరు?
- కళాకారులకి బడ్జెట్ ఎంత అనుకున్నారు?
- ప్రయాణం, భోజనం, బయటూరు వాళ్లుంటే బస ఎవరిది?
- వీడియో తీస్తారా? ఎక్కడ పెడతారు?
- డబ్బు ఎవరు, ఎప్పుడు, ఎలా ఇస్తారు?

బడ్జెట్ ప్రశ్న ఎలా అడగాలో తెలియకపోతే, "కళాకారుల కోసం ఎంత అనుకున్నారండీ? దాన్ని బట్టి ఎన్ని ఐటమ్స్ చేయగలనో చూసి చెబుతాను" అనండి. ఇందులో ఎవరినీ నొప్పించే మాట లేదు. అసలు అంకె చెప్పనివాళ్లు, "అది తర్వాత చూసుకుందాంలెండి" అనేవాళ్లు చాలా వరకు ఏమీ అనుకోనివాళ్లే.

నేను తప్పకుండా అడిగే మరో ప్రశ్న ఉంది: "సౌండ్ ఎవరు చేస్తున్నారండీ?" దానికి వచ్చే జవాబు నాకు చాలా చెబుతుంది. మైకుకి, లైట్లకి, షామియానాకి, ఫొటోగ్రాఫర్‌కి, వంటవాళ్లకి డబ్బు ఇచ్చి, డాన్సర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నిధులు లేకపోతే అక్కడ కొరత డబ్బుది కాదని అర్థం.

3. ఉచిత ప్రోగ్రాంలను వడపోయడం

ఉచితం అని వచ్చే ప్రతి పిలుపునీ ఒకే గాటన కట్టకండి. మన ఊళ్లో మామూలుగా నాలుగు రకాలు కనిపిస్తాయి.

(అ) గుడి, ఉత్సవ కమిటీ. దసరా నవరాత్రులు, వినాయక చవితి పందిళ్లు, వీధి రామాలయం కల్యాణం. ఇక్కడ చేసేది మీ భక్తికి సంబంధించిన విషయం, దానికి నేను ధర కట్టను. కానీ చేతి ఖర్చు విషయం మాట్లాడొచ్చు. "స్వామి సేవకి డబ్బు వద్దండీ, మేకప్, బండి ఖర్చు కమిటీ చూసుకుంటే చాలు" అంటే నొచ్చుకునే పెద్దలు తక్కువ. ఒకే వీధిలో పందిరికి లక్షలు పెట్టి సినిమా ఆర్కెస్ట్రాని డబ్బిచ్చి తెచ్చే కమిటీ అయితే మాత్రం మామూలు ధరే చెప్పండి.

(ఆ) సభలు, కళా సంస్థలు, ఛారిటీ. చందాలతో నడిచే చిన్న సభ వేరు, స్పాన్సర్ల ఫ్లెక్సీలు గోడంతా కట్టిన ఛారిటీ షో వేరు. మొదటి దానికి అడుగు గీత దగ్గర చేయొచ్చు, నచ్చితే ఉచితంగానూ చేయొచ్చు. రెండో దాని దగ్గర "మిగతావాళ్లు కూడా ఉచితంగానే చేస్తున్నారా?" అని అడగండి.

(ఇ) కంపెనీలు, హోటళ్లు, షోరూం ప్రారంభాలు, రియల్ ఎస్టేట్ వెంచర్లు, కాలేజీ ఫెస్టులు. ఇక్కడ ఉచితం అనే మాటకి చోటే లేదు. వాళ్ల సరుకు అమ్ముకోవడానికి మిమ్మల్ని పిలుస్తున్నారు. "ఈసారి చేయండి, వచ్చేసారి చూసుకుందాం" అంటే, వచ్చేసారి పేమెంట్‌తో పిలవండి, తప్పక వస్తానని చెప్పండి.

(ఈ) ఎదురు డబ్బు అడిగేవి. వేలమందితో ఒకేసారి నాట్యం, ప్రపంచ రికార్డు, సర్టిఫికెట్, మెడల్ అంటారు. తలకింత రిజిస్ట్రేషన్ ఫీజు, కాస్ట్యూమ్ వాళ్ల దగ్గరే కొనాలి, ప్రయాణం సొంతం. బిరుదులూ ఇలాగే అమ్ముడవుతున్నాయి. టీచర్లకి నా మనవి: పిల్లల తల్లిదండ్రులకి మొత్తం ఖర్చు ముందే కాగితం మీద చూపించండి. ఆ ఫీజులో మీకు వాటా ఉంటే అదీ చెప్పండి. పిల్లకి ఆ అనుభవం కావాలని తెలిసి పంపితే సరే. వేల మందిలో ఒకరిగా అందుకున్న సర్టిఫికెట్ వల్ల తర్వాత ప్రోగ్రాంలు వస్తాయని మాత్రం ఆశ పెట్టకండి.

ఉచితంగా ఒప్పుకునే ముందు ఈ ప్రశ్నల్లో కనీసం మూడింటికి "అవును" రావాలని నా నియమం:

- నిర్వాహకులు కూడా దీని మీద సంపాదన లేకుండానే చేస్తున్నారా?
- చేతి ఖర్చు వాళ్లే ఇస్తున్నారా?
- ఇక్కడ మాత్రమే దొరికేది ఏమైనా ఉందా? పూర్తి నిడివి కచేరీ, లైవ్ ఆర్కెస్ట్రా, కొత్త నృత్యనాటకానికి మొదటి ప్రదర్శన లాంటివి.
- ఎంచుకున్న ఐటమ్‌ని మీకు నచ్చినట్టు చేసే స్వేచ్ఛ ఉందా?
- డబ్బొచ్చే మరో పని దీనివల్ల పోకుండా ఉంటుందా?

ఏడాదికి ఇన్ని ఉచిత ప్రోగ్రాంలని ఒక హద్దు కూడా పెట్టుకోండి. నాలుగో, ఆరో మీ ఇష్టం. ఏప్రిల్‌లో రాసుకుని, ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ రండి. హద్దు అయిపోయాక పిలిచినవాళ్లకి "ఈ ఏడాది ఉచిత ప్రోగ్రాంలు అయిపోయాయండీ" అని చెప్పడం చాలా తేలిక, ఎందుకంటే అది నిజం.

డబ్బు లేనప్పుడు బదులుగా ఏం అడగొచ్చు? ఎడిట్ చేయని పూర్తి వీడియో, రెండు కెమెరాలతో తీసినది. ఆహ్వాన పత్రికలో, బ్యానర్ మీద మీ పేరు, గురువు గారి పేరు, సంగీతం వాళ్ల పేర్లు. సంస్థ లెటర్‌హెడ్ మీద ప్రదర్శన ధ్రువీకరణ. స్కాలర్‌షిప్‌కో గ్రాంట్‌కో దరఖాస్తు పెట్టేటప్పుడు ఈ కాగితాలు మెమెంటో కంటే ఎక్కువ పనికొస్తాయి. కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ యువ కళాకారులకిచ్చే స్కాలర్‌షిప్ 18 నుంచి 25 ఏళ్ల వారికి నెలకి 5,000 చొప్పున రెండేళ్లు అందుతుంది. ఆ వయసులో ఉండి, అనుభవం కోసమని ఉచిత స్టేజీలు ఎక్కుతున్నవాళ్లు ఈ దరఖాస్తు మీద కూడా ఒక వారం పెట్టండి.

4. ధర చెప్పే పద్ధతి

ఒకే అంకె చెప్పండి. "పది నుంచి పదిహేను" అంటే వాళ్లకి పదే వినిపిస్తుంది.

ఫోన్‌లో చెప్పినా వెంటనే మెసేజ్ పంపండి. ఇలా ఉంటే చాలు:

"నమస్కారమండీ. డిసెంబరు 14 సాయంత్రం 6.30కి సిరిపురంలో మీ వార్షికోత్సవంలో 20 నిమిషాల కూచిపూడి సోలో, ట్రాక్ మీద. పారితోషికం 12,000. మేకప్, కాస్ట్యూమ్, ప్రయాణం ఇందులోనే. 6,000 అడ్వాన్స్ అందాక తేదీ ఖాయం చేస్తాను. మిగతా 6,000 ఆ రోజు మేకప్ పూర్తయ్యేలోగా. ఈ ధర ఈ నెల 20 వరకు."

తగ్గించమంటారు. మనవాళ్లు బేరం లేకుండా కొత్తిమీర కట్ట కూడా కొనరు. తగ్గించండి, కానీ పనితో పాటు తగ్గించండి. 20 నిమిషాలు 10 చేయొచ్చు. కొత్త ఐటమ్ బదులు చేతిలో ఉన్న తరంగం లాంటి పాత ఐటమ్ చేయొచ్చు. కారు వాళ్లు పంపితే 1,200 తీసేయొచ్చు. పని అంతే ఉండి ధర మాత్రం సగమైతే, మొదట చెప్పిన ధర అబద్ధమని మీరే ఒప్పుకున్నట్టవుతుంది.

"ఫలానా అమ్మాయి ఐదువేలకే చేస్తానంది" అంటే వాదించకండి. "మంచిదండీ, ఆవిడ కూడా బాగా చేస్తారు" అని ఊరుకోండి. ఫోన్ పెట్టేశాక వీలైతే ఆ అమ్మాయికి ఫోన్ చేయండి. ఐదువేలు అనలేదని తేలడం నేను చూశాను.

తెలిసినవాళ్లు, బంధువులు, గురువు గారి స్నేహితులు అడిగితే పూర్తి ధర రాసి, కింద తగ్గింపు చూపించండి: "పారితోషికం 12,000. మీకోసం 4,000 తగ్గింపు. ఇవ్వవలసినది 8,000." వాళ్లు ఇంకెవరికైనా మీ గురించి చెప్పేటప్పుడు 12,000 అనే చెబుతారు.

5. మాటని రాతలో పెట్టడం

భారత కాంట్రాక్టు చట్టం, 1872 ప్రకారం నోటి ఒప్పందమూ చెల్లుతుంది. కాకపోతే రేపు నిరూపించాల్సి వస్తే మీ దగ్గర ఏముంది? స్టాంపు కాగితాలు ఏమీ అక్కర్లేదు. వాట్సాప్‌లో మీరు పంపిన వివరాలకి వాళ్లు "ఓకే, కన్ఫర్మ్" అని పెడితే చాలావరకు సరిపోతుంది. పెద్ద మొత్తమైతే ఈమెయిల్, ఒక పేజీ ఒప్పందం.

అందులో ఉండాల్సినవి:

- ఇరువైపుల పేర్లు, చెల్లించే సంస్థ అసలు పేరు (ఈవెంట్ మేనేజర్ ఇస్తాడా, కంపెనీ ఇస్తుందా?)
- తేదీ, వేదిక, రిపోర్టింగ్ వేళ, స్టేజి వేళ, నిడివి
- మొత్తం, అడ్వాన్స్, మిగతా ఎప్పుడు
- స్టేజి: నేల గట్టిగా, సాఫీగా, మేకులు లేకుండా ఉండాలి, కార్పెట్ మడతలు ఉండకూడదు
- తలుపు గడియ పడే గ్రీన్ రూమ్, అద్దం, బాత్రూం, తాగునీరు
- ఆలస్యం: చెప్పిన వేళ దాటి గంటకి మించి కూర్చోబెడితే అదనం ఎంత
- రద్దు: వాళ్లు రద్దు చేస్తే అడ్వాన్స్ మీదే, చివరి మూడు రోజుల్లో అయితే ఎంత శాతం ఇవ్వాలి
- సంగీతం అనుమతులు: రికార్డు పాటలు వాడే కార్పొరేట్ ఈవెంట్‌కి లైసెన్సు బాధ్యత నిర్వాహకులది
- వీడియో వాడకం

రద్దు షరతు దగ్గర వాతావరణం సంగతి విడిగా రాయండి. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతంలో వాయుగుండం పడితే బీచ్ రోడ్డు స్టేజి ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా? హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబరు 12న, సరిగ్గా ప్రోగ్రాంల సీజన్‌లో. వాన వల్ల ఆగితే అడ్వాన్స్ కొత్త తేదీకి సర్దుబాటు చేస్తామని, మేకప్ అయిపోయాక ఆగితే చేతి ఖర్చు మొత్తం వాళ్లే ఇవ్వాలని రాసుకోండి.

వీడియో గురించి కొంచెం ఆగి మాట్లాడుకోవాలి. కాపీరైట్ చట్టం, 1957లో ప్రదర్శకులకి ప్రత్యేక హక్కులున్నాయి. అందులో నర్తకులు కూడా వస్తారు. మీ ప్రదర్శనని రికార్డు చేయడం, ప్రసారం చేయడం మీ అనుమతితో జరగాలి, ప్రదర్శకురాలిగా మీ పేరు చెప్పాలి. 2012 సవరణ ఈ హక్కులని బలపరిచింది. ఇవి 50 ఏళ్లు ఉంటాయి. కొరియోగ్రఫీకి కూడా నాటక కృతుల కింద రక్షణ ఉంది, కానీ అది ఏదో ఒక రూపంలో, రాతలోనో వీడియోలోనో, నమోదై ఉండాలి. కాబట్టి కొత్త ఐటమ్ కూర్చగానే తేదీతో వీడియో తీసి దాచుకోండి.

ఒప్పందంలో ఒక వాక్యం రాస్తే చాలు: "ప్రోగ్రాం జ్ఞాపకార్థం, సంస్థ సోషల్ మీడియాలో పేరుతో వాడుకోవచ్చు, ప్రకటనలకి, టీవీకి వాడాలంటే విడిగా మాట్లాడుకోవాలి." మీ 20 నిమిషాల డాన్స్ రియల్ ఎస్టేట్ యాడ్‌గా తిరగడం మొదలయ్యాక అడిగే కంటే ఇది నయం.

ప్రభుత్వ ఉత్సవాలైతే పని ఉత్తర్వో ఆహ్వాన లేఖో చేతికొచ్చాకే బృందానికి మాట ఇవ్వండి. అక్కడ డబ్బు బిల్లు మీద వస్తుంది, అదే రోజు చేతికి రాదు. పాన్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, బృందం జాబితా, ప్రోగ్రాం ఫొటోలు ఒక ఫోల్డర్‌లో ఉంచుకుని మరుసటి రోజే బిల్లు పెట్టండి.

6. బృందాన్ని నడిపేవాళ్లకి

ఇక్కడ కొందరికి కోపం రావచ్చు. నిర్వాహకుల మీద ఫిర్యాదు చేసే మనమే మన దగ్గర నాట్యం చేసే పిల్లలకి ఏమిస్తున్నాం? బృందానికి 60,000 వస్తే, ఎనిమిది మంది శిష్యులకి టిఫిన్, థాంక్స్ ఇచ్చి పంపడం సరైన పద్ధతి కాదు.

గురువు నేర్పేది క్లాసులో. దానికి ఫీజు తీసుకుంటున్నాం. డబ్బొచ్చే ప్రోగ్రాంలో శిష్యురాలు కళాకారిణి. నేర్చుకునే దశలో ఉన్న చిన్నపిల్లలకి స్టేజి అనుభవం ఇవ్వడం వేరు, డిప్లొమా పూర్తి చేసి ఐదారేళ్లుగా మీ బృందం బరువు మోస్తున్న అమ్మాయి వేరు.

చేయదగిన పద్ధతి ఇది:

- ప్రోగ్రాం ఒప్పుకోకముందే మెసేజ్: "ఇంత వస్తోంది, ఖర్చులు ఇంత, ఒక్కొక్కరికి ఇంత."
- సంగీతం వాళ్లకి, మేకప్ మ్యాన్‌కి అదే రోజు చెల్లింపు. నిర్వాహకులు ఇంకా ఇవ్వలేదన్నది వాళ్ల సమస్య కాదు. అందుకే అడ్వాన్స్ కనీసం ఆ మొత్తానికి సరిపడా తీసుకోవాలి.
- ఉచిత ప్రోగ్రాం అయితే ఆ మాట ముందే చెప్పి, రానన్న వాళ్లని తర్వాతి ప్రోగ్రాంలో పక్కన పెట్టకుండా ఉండడం.
- కాస్ట్యూమ్ డబ్బు శిష్యుల దగ్గర తీసుకుంటే ఆ కాస్ట్యూమ్ వాళ్లది.

18 ఏళ్లలోపు వాళ్లు ఒప్పందం చేసుకోలేరు, తల్లిదండ్రులే సంతకం చేయాలి. 14 ఏళ్లలోపు పిల్లలని షూటింగ్‌లకి, వాణిజ్య ఈవెంట్లకి తీసుకెళ్తే బాల కార్మిక చట్టం నియమాలు వర్తిస్తాయి. నిర్వాహకులు జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. రోజుకి 5 గంటలకి మించకూడదు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు. పిల్లల సంపాదనలో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో వాళ్ల పేర ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. మధ్యాహ్నం రెండింటికి మేకప్ వేసి, ముఖ్య అతిథి రాలేదని రాత్రి పదింటి దాకా గజ్జెలతో కూర్చోబెట్టే ఈవెంట్లకి ఈ నియమం ప్రింట్ తీసి చూపించండి.

7. ప్రోగ్రాం రోజు

ముందు రోజు ఉదయం నిర్వాహకులకి ఒక మెసేజ్: రిపోర్టింగ్ వేళ, గ్రీన్ రూమ్, మిగతా డబ్బు ఎవరు ఇస్తారో వాళ్ల పేరు, నంబరు. సాయంత్రం హాల్లో అందరూ హడావుడిగా ఉంటారు, "ప్రెసిడెంట్ గారు ఇస్తారు", "ట్రెజరర్ గారు ఇప్పుడే వెళ్లారు" అని తిప్పుతారు.

డబ్బు అడిగే పని మీరు పెట్టుకోకండి. తోడు వచ్చిన అన్నయ్యకో, బృందంలో సీనియర్‌కో అప్పజెప్పండి. మేకప్ వేసుకుంటూ లెక్కలు మాట్లాడితే అభినయం పాడవుతుంది.

రాత్రి తొమ్మిది దాటితే వెళ్లే బండి ముందే మాట్లాడి ఉంచండి. స్టేజి, జనం, బ్యానర్ కనిపించేలా నాలుగు ఫొటోలు తీయించుకోండి. రేపు బిల్లుకి అవే ఆధారం.

8. డబ్బు రాకపోతే

మూడో రోజున మర్యాదగా గుర్తు చేయండి: మొత్తం, తేదీ, యూపీఐ నంబరు ఉన్న ఒకే మెసేజ్. పదో రోజున బిల్లు జతచేసి ఈమెయిల్. నెల దాటితే స్పీడ్ పోస్టులో లేఖ, అందులో ఆఖరు గడువు. ఫోన్‌లో ఇచ్చిన హామీలకి కూడా "ఇవాళ మీరు శుక్రవారం ఇస్తామన్నారు" అని మెసేజ్ పెట్టి రికార్డు చేసుకోండి. ఫేస్‌బుక్‌లో పేరు పెట్టి తిట్టడం ఆఖరి దశలో కూడా వద్దు. న్యాయం మీ వైపున్నా పరువు నష్టం కేసు వాళ్ల చేతికి ఇచ్చినట్టవుతుంది.

తర్వాత దారులు మూడు.

జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. మన జిల్లా కోర్టు ప్రాంగణంలో ఉంటుంది. మహిళలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. కేసు వేయకముందే లోక్ అదాలత్ ద్వారా పిలిపించి మాట్లాడించొచ్చు. హెల్ప్‌లైన్ 15100.

ఉద్యమ్ నమోదు, అంటే చిన్న సంస్థలకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు. క్రమం తప్పకుండా ప్రోగ్రాంలు, క్లాసులు చేసేవాళ్లు ఆధార్, పాన్‌తో ఆన్‌లైన్‌లో ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సేవ తీసుకున్నవాళ్లు ఒప్పుకున్న గడువులోగా, ఎంత గడువున్నా 45 రోజులకి మించకుండా చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. ఆలస్యమైతే చక్రవడ్డీ, అదీ బ్యాంకు రేటుకి మూడింతలు. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు. అయితే నమోదు ప్రోగ్రాంకి ముందే అయి ఉండాలి, కాబట్టి ఈ పని ఇవాళే చేసుకోండి.

సివిల్ దావా. పని చేసినందుకు రావలసిన డబ్బుకి మామూలుగా మూడేళ్ల కాలపరిమితి. చిన్న మొత్తాలకి అంత దూరం వెళ్లడం అరుదు. చాలాసార్లు లాయర్ నోటీసుతోనే తేలిపోతుంది.

9. పన్నుల గురించి తెలియాల్సినంత

కంపెనీ ఇచ్చేటప్పుడు టీడీఎస్ (ముందుగానే కోసే ఆదాయపు పన్ను) పట్టుకోవచ్చు. కొందరు కాంట్రాక్టు కింద 1 శాతం, కొందరు వృత్తి సేవ కింద 10 శాతం పడతారు. ఏ లెక్కన పట్టారో అడిగి రాసుకోండి. పాన్ ఇవ్వకపోతే 20 శాతం పోతుంది. పట్టిన డబ్బు మీ పాన్ మీద జమ అయిందో లేదో ఆదాయపు పన్ను పోర్టల్‌లో చూసుకోండి. ఆదాయం పన్ను పరిమితి లోపే ఉంటే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు.

జీఎస్టీ అంటే భయపడేవాళ్లకి: శాస్త్రీయ, జానపద నాట్య ప్రదర్శనకి కళాకారులు తీసుకునే పారితోషికం ఒక ప్రదర్శనకి 1.5 లక్షలు దాటకపోతే మినహాయింపు ఉంది. థింసా గిరిజన నాట్య బృందాలకీ ఇదే. సినిమా, వెస్టర్న్ డాన్స్‌కి ఈ మినహాయింపు లేదు, కానీ ఏడాది మొత్తం రాబడి 20 లక్షలు దాటితేనే నమోదు సంగతి వస్తుంది.

10. ఇంతకాలం ఉచితంగా చేసిన చోట ఇప్పుడు అడగడం

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. ఏటా వాళ్లే పిలుస్తారు, ఏటా శాలువానే ఇస్తారు. ఒక్కసారిగా 12,000 అంటే ఏమనుకుంటారో?

సీజన్‌కి రెండు నెలల ముందు, వాళ్లు పిలవకముందే మెసేజ్ పెట్టండి: "నమస్కారమండీ. ఈ ఏడాది నుంచి నా ప్రోగ్రాంలకి పారితోషికం తీసుకుంటున్నాను. 20 నిమిషాల సోలోకి 12,000. మీ సంస్థతో ఉన్న అనుబంధం వల్ల ఈసారికి ఖర్చుల వరకు, అంటే 6,000 ఇస్తే చాలు. వచ్చే ఏడాది నుంచి పూర్తిగా అనుకుందాం." ముందే చెబితే వాళ్లకి బడ్జెట్‌లో పెట్టుకునే వ్యవధి దొరుకుతుంది.

కొందరు జవాబివ్వరు. కొందరు "మీరు కూడా ఇలా మారిపోయారేంటమ్మా" అంటారు. దానికి "అవునండీ, మేకప్ ధరలు కూడా మారాయి కదా" అని నవ్వుతూ చెప్పి ఊరుకోండి. సంజాయిషీ అక్కర్లేదు.

మీ స్థానంలో ఇంకో అమ్మాయిని పిలుస్తారు. అది ఖాయం. ఆమె ఎవరో మన ఊళ్లో ఇట్టే తెలిసిపోతుంది, మద్దిలపాలెంలోనో ఎంవీపీ కాలనీలోనో ఎవరో ఒక టీచర్ గారి శిష్యురాలై ఉంటుంది. ఆమె మీద కోపం తెచ్చుకోకుండా మీ ఖర్చుల పట్టిక, మీరు అడిగిన ధర ఆమెకి పంపించండి. ఆమె అడుగు గీత మీకంటే తక్కువే ఉండొచ్చు, కానీ సున్నా మాత్రం ఉండదు.